గ్రాఫిక్స్ కార్డు లేని నా గేమింగ్ పీసీ



పోస్ట్ కొంచెం పొడవుంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. మొన్న మా హాస్టల్ రూమ్‌లో ఉన్న సిస్టమ్ ఫోటో పెడితే చాలామంది విడిగా మెసేజ్ చేసిన్రు. ఎంతైంది, ఏ పార్ట్స్ వేసినవ్, ఎక్కడ కొన్నవ్ అని. ఒక తమ్ముడైతే "అన్నా, గేమింగ్ పీసీ అంటున్నవ్, లోపల గ్రాఫిక్స్ కార్డు కనపడ్తలేదేంది?" అని అడిగిండు. కరెక్ట్‌గానే చూసిండు, కార్డు లేదు. ఎందుకు లేదో చెప్తే మిగతా పార్ట్స్ ఎట్ల ఎంచుకున్ననో కూడా అర్థమైతది. అందుకే అందరికీ కలిపి రాస్తున్న.

మాది భద్రాచలం ఏజెన్సీలో ఒక కోయ గూడెం. మా ఇంట్ల కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. హైదరాబాద్‌లో ఎస్టీ హాస్టల్‌లో ఉండి బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్న. ముందే ఒక మాట నిజం చెప్తా. ఈ సిస్టమ్ చదువు కోసమే కొన్న అని నేను ఎవరికీ చెప్పలే. ప్రోగ్రామ్స్ రాసుకోవడానికి పనికొస్తది, రాస్తున్న కూడా. కానీ కోరిక పుట్టింది మాత్రం ఆట కోసమే. మనోళ్ళు కంప్యూటర్ కొంటే "చదువుకి" అని, బండి కొంటే "పనికి" అని చెప్పుకోవాల్సి వస్తది. ఆడుకోవడానికి కొన్న అంటే తప్పు చేసినట్టు చూస్తరు. మా అమ్మ కూడా అడిగింది, "ఆటకా?" అని. "ఆటకే అమ్మా, చదువుకి కూడా" అన్న. ఆమె కాసేపు ఆగి, "ఆడుకుంటే తప్పేంది, అప్పు చేసి ఆడితే తప్పు" అన్నది. ఆ మాటే నా బడ్జెట్‌కి మొదటి రూల్ అయింది. ఈఎంఐ లేదు, లోన్ యాప్ లేదు, చేతిలో ఉన్నంతే.

చేతిలో ఎంత ఉందో కూడా చెప్తా, ఎందుకంటే "బడ్జెట్ పీసీ" అని వీడియోల్లో చెప్పేవాళ్ళు ఆ డబ్బులు ఎక్కడివో చెప్పరు. ఏడాది పొడుగునా శని, ఆదివారాలు ఫంక్షన్ హాళ్లల్లో క్యాటరింగ్‌కి పోయిన. రాత్రికి 600. అట్ల 30,000 కూడబెట్టిన. రెండు ఎండాకాలాలు ఇంటోళ్లతో కలిసి తునికాకు కోసిన. 50 ఆకులకు ఒక కట్ట, కట్టలు కట్టి కల్లంలో అప్పజెప్తే వచ్చిన దాంట్లో నా వాటా 16,000. అమ్మ ఇప్పపువ్వు అమ్మిన డబ్బుల్లోంచి 6,000 ఇచ్చింది. మొత్తం 52,000. 2025 జూన్‌లో కొనాలని అనుకున్న.

మొదట వేసుకున్న లెక్కలో కార్డు ఉంది. ప్రాసెసర్ ఇంటెల్ ఐ3-12100ఎఫ్, దానికి హెచ్610 బోర్డు, గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650, ర్యామ్ 16 జీబీ, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, 24 అంగుళాల మానిటర్, ఒక చిన్న యూపీఎస్. అన్నీ కలిపి 51,000 దగ్గర వచ్చింది. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు ఆ లెక్కలే.

జూన్ రెండో వారంలో అయ్య ఫోన్ చేసిండు. వాన పడ్డది, పత్తి గింజలు పెట్టాలి, చేతిలో డబ్బుల్లేవు. షావుకారు గింజలు, యూరియా ఇస్తా అంటున్నడు కానీ నూటికి మూడు రూపాయల మిత్తి, పైగా పంట ఆయనకే అమ్మాలి. అయ్య నన్ను డబ్బులు అడగలే. ఊరి ముచ్చట్లు చెప్పినట్టు చెప్పి పెట్టేసిండు. నేను ఆ రాత్రి నోట్‌బుక్ తీసి మళ్లీ చూసిన. ఆ పేజీల్లో అన్నిటికంటే పెద్ద అంకె గ్రాఫిక్స్ కార్డుదే, 12,500. గింజకు అదను ఉంటది, పదిహేను రోజులు దాటితే ఆ ఏడు పంటే మారిపోతది. కార్డుకు అదను లేదు. ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు, అప్పుడు ఇంకా తక్కువకే దొరకొచ్చు. పొద్దున్నే అయ్యకు 12,000 పంపిన. చేతిలో 40,000 మిగిలింది.

ఇది త్యాగం అని చెప్పుకోవడానికి రాస్తలేను. మన గ్రూపులో చాలామంది ఇంటికి ఇంతకంటే ఎక్కువే పంపుతున్నరు. నేను చెప్పేది పార్ట్స్ సంగతి. కార్డు తీసేస్తే మిగతావి అట్లనే ఉంచి కొనేయొచ్చు అనుకుంటరు. కుదరదు. ఒక్కటి తీస్తే లెక్క మొత్తం మారుతుంది.

ఐ3-12100ఎఫ్ లో చివర ఉన్న "ఎఫ్" అక్షరం చిన్నగా కనపడ్తది కానీ దాని అర్థం పెద్దది. ఆ ప్రాసెసర్ లోపల గ్రాఫిక్స్ ఉండవు. విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. ఎఫ్ లేని 12100 తీసుకుంటే బొమ్మ వస్తుంది, కానీ దాంట్లో ఉన్న గ్రాఫిక్స్ వీడియోలు చూడటానికి, ఆఫీసు పనికి సరిపోతాయి, ఆటకు బలం చాలదు. అందుకే ఏఎండీ రైజెన్ 5 5600జీ వైపు తిరిగిన. ఇది 2021లో వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, లోపలే వేగా గ్రాఫిక్స్. జీటీఎక్స్ 1650 తో పోలిస్తే వేగా చాలా వెనక ఉంటుంది, దాంట్లో దాచేది ఏం లేదు. కానీ మామూలు ఆటలు ఆడిస్తది. రేపు కార్డు కొన్నప్పుడు కూడా ఈ ప్రాసెసర్ పనికొస్తుంది, పడేయాల్సిన పని లేదు.

అప్పటి నుంచి ప్రతి పార్ట్ దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకున్న. ఇది ఇప్పుడే మంచిది కొనాలా, లేక తర్వాత మార్చుకోవచ్చా? మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు గుంజలు గట్టివి చూసి పాతుతరు. పైన కప్పు ఈ ఏడు గడ్డి వేసినా, డబ్బులొచ్చినప్పుడు రేకులు వేసుకోవచ్చు. పీసీలో కూడా అంతే. ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు గుంజలు. కార్డు, స్టోరేజీ, కీబోర్డు కప్పు లాంటివి.

ఎస్‌ఎంపీఎస్ నుంచి మొదలుపెడ్తా, ఎందుకంటే అందరూ డబ్బులు మిగిలించేది అక్కడే. చాలా షాపుల్లో క్యాబినెట్‌తో పాటే ఒకటి ఫ్రీగా ఇస్తా అంటరు. డబ్బా మీద 450 వాట్లు అని రాసుంటది, పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటది. మొత్తం సిస్టమ్‌కి కరెంటు పంచేది అదే కాబట్టి, అది చెడిపోతే ఒక్కటే పోదు, బోర్డును కూడా పట్టుకుపోవచ్చు. నేను 80 ప్లస్ బ్రాంజ్ ఉన్న 550 వాట్లది తీసుకున్న, 4,000 దగ్గర పడ్డది. ఇప్పుడున్న సిస్టమ్‌కి అంత అవసరం లేదు, రేపటి కార్డు కోసం తీసుకున్న. కార్డుకి పెట్టే 8 పిన్నుల వైరు ఉందా అని డబ్బా మీద చూసిన.

ఇంకో సంగతి మన ఏజెన్సీ పిల్లలకు ముఖ్యం. ఎస్‌ఎంపీఎస్ మీద ఇన్‌పుట్ వోల్టేజీ రాసుంటది. కొన్నిటి మీద 200-240 అని, కొన్నిటి మీద 100-240 అని ఉంటుంది. సిటీలో ఏదైనా నడుస్తది. మన ఊర్లల్లో సాయంత్రం అయితే బల్బు ఎర్రగా మారుతది కదా, వోల్టేజీ 170కి, 160కి పడిపోయినప్పుడు 200-240 ది ఆగిపోయే ప్రమాదం ఉంది. 100-240 ది తట్టుకుంటది. సిస్టమ్ ఎప్పటికైనా ఇంటికి తీసుకెళ్లేది ఉంటే ఆ అంకె చూసి కొనండి.

మదర్‌బోర్డు బీ450, సుమారు 5,800. ఇది 2018 నాటి చిప్‌సెట్, ప్రాసెసర్ 2021ది. అందుకే బయోస్ అప్‌డేట్ చేసి ఉందా అని షాపులో ముందే అడగాలి, లేకపోతే ఆన్ కాదు. నేను వాళ్ళతో అక్కడే ఆన్ చేయించి చూసిన. కొత్త ఏఎం5 సాకెట్ బోర్డు తీసుకోమని కొందరు చెప్పిన్రు. అది మంచిదే, ముందు ముందు కొత్త ప్రాసెసర్లు పడతాయి. కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది, బోర్డు ధర కూడా ఎక్కువ. 40,000 లో మానిటర్‌తో సహా రాదు. ఏఎం4 పాత సాకెట్ అని తెలిసే తీసుకున్న.

ర్యామ్ విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది, డబ్బులు ఖర్చు కాకుండా వేగం వచ్చే కిటుకు. కార్డు లేనప్పుడు గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్ నుంచే వాడుకుంటుంది. అందుకే 16 జీబీ స్టిక్ ఒకటి కాకుండా 8 జీబీవి రెండు పెట్టాలి. రెండు దారుల్లో డేటా పోతది, ఆటలో తేడా కంటికి కనపడేంత ఉంటుంది. ఇంకోటి, 3200 స్పీడ్ అని కొన్న ర్యామ్ పెట్టగానే ఆ స్పీడ్‌తో నడవదు. బయోస్‌లోకి పోయి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి. మా హాస్టల్‌లో ఒక అన్న సిస్టమ్ రెండేళ్ల నుంచి 2400 మీద నడుస్తుంది, చూపిస్తే ఆయనే ఆశ్చర్యపోయిండు.

మిగతావి తొందరగా చెప్తా. స్టోరేజీకి 500 జీబీ ఎన్‌వీఎంఈ, ఇంకో హార్డ్ డిస్క్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. క్యాబినెట్ ముందు భాగం జాలీ ఉన్నది చూసిన, అద్దం కంటే గాలి ముఖ్యం. మానిటర్‌కి మాత్రం పిసినారితనం చేయలే. 24 అంగుళాలు, ఐపీఎస్, 100 హెర్ట్జ్. సిస్టమ్ రెండుసార్లు మార్చినా మానిటర్ అదే ఉంటది, కళ్ళు మనవే కదా.

కొన్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. అందరూ సీటీసీ అంటరు. పారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగి నడవొచ్చు. నేను, మా రూమ్మేట్ రెండు శనివారాలు తిరిగినం. మొదటి శనివారం ఏం కొనలే, ధరలు మాత్రం రాసుకున్నం. అట్ల చేయడమే మంచిది.

ఒక షాపులో జరిగింది చెప్తా, పేరు రాయను. మేం లోపలికి పోయి నిలబడితే, "ఎంత ఉంది మీ దగ్గర?" అని అడిగిండు. ఏం కావాలని కాదు, ఎంత ఉందని. ఏ ఊరు అని అడిగి, "మీకు ఇది సరిపోతది" అని రంగు లైట్లు వెలిగే డబ్బా ఒకటి చూపించిండు. "ఐ7 గేమింగ్ పీసీ, 18,000, లాస్ట్ పీస్." నేను ఐ7లో ఏ మోడల్ అని అడిగిన. "ఐ7 అంటే ఐ7 బాబూ" అన్నడు. ఆన్ చేసి చూపించమంటే స్క్రీన్ మీద 2600 అని ఉంది. అది 2011లో వచ్చిన ప్రాసెసర్. దాని తర్వాత పదకొండేళ్లకు వచ్చిన ఐ3-12100 దానికంటే వేగంగా ఉంటది. ఐ3, ఐ5, ఐ7 అనేది చూడటం కాదు, దాని వెనక ఉన్న అంకె చూడాలి. ఆ అంకెలో మొదట్లో ఉన్నది ఎన్నో తరమో చెప్తది. నేను ఆ మాట అంటే ఆయన వేరే కస్టమర్ దిక్కు తిరిగిండు. లైట్లకు ఆశపడి ఆ డబ్బా కొనుక్కుపోయే తమ్ముళ్ళు ఎంతమంది ఉంటరో అనిపించింది. పాత ఆఫీసు సిస్టమ్ కొనడం తప్పు కాదు, టైపింగ్‌కి, చదువుకి బాగనే పనికొస్తది. కానీ ఇంటెల్ 8వ తరం కంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అది తెలిసి ధర మాట్లాడాలి.

చివరికి వేరే షాపులో ఒక పెద్దాయన ఓపికగా కొటేషన్ రాసిచ్చిండు. ప్రాసెసర్ "బాక్స్ పీసా, ట్రే పీసా" అని అడగండి. ట్రే పీస్ అంటే కంపెనీ డబ్బా లేకుండా వచ్చేది, తక్కువకొస్తది, కానీ కూలర్ విడిగా కొనాలి, వారంటీ సంగతి షాపు వాళ్ళనే అడగాలి. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా అని చాలా షాపుల్లో అంటరు. 18 శాతం జీఎస్టీ కట్టి బిల్లు తీసుకోండి, బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. మూడేళ్ల వారంటీ ఉన్న వస్తువుకి బిల్లు లేకపోతే తర్వాత ఇబ్బంది పడేది మనమే.

నాకైన లెక్క ఇది, అన్నీ సుమారుగా:

రైజెన్ 5 5600జీ, బాక్స్ పీస్: 11,000
బీ450 మదర్‌బోర్డు: 5,800
ర్యామ్ 8 జీబీ రెండు: 3,400
500 జీబీ ఎన్‌వీఎంఈ: 3,000
550 వాట్ల ఎస్‌ఎంపీఎస్: 4,000
క్యాబినెట్: 2,300
మానిటర్: 8,000
కీబోర్డు, మౌస్: 1,000
మొత్తం: 38,500

ఇవి 2025 జూన్ ధరలు. ఆ తర్వాత ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగినయ్. కాబట్టి అంకెలు పట్టుకోకండి, వరుస పట్టుకోండి. ర్యామ్ మరీ ప్రియం అయితే 8 జీబీ ఒకటే పెట్టి మొదలుపెట్టొచ్చు, ఆట కొన్నాళ్లు మెల్లగా నడుస్తది, రెండోది తర్వాత చేర్చుకోవచ్చు. ర్యామ్ కోసమని ఎస్‌ఎంపీఎస్ తగ్గించకండి.

హాస్టల్‌లో ఇంకో పరీక్ష ఉండె. వార్డెన్ సార్ కంప్యూటర్ వద్దన్నరు, కరెంటు లోడ్ ఎక్కువైతది అని. నేను గొడవ పెట్టుకోలే, ఒక లెటర్ రాసిచ్చిన. ప్రాసెసర్ 65 వాట్ల రకం, మానిటర్‌తో కలిపి ఆట ఆడుతున్నప్పుడు కూడా 150 వాట్ల లోపే. మనం రోజూ వాడే ఇస్త్రీ పెట్టె 1,000 వాట్లు. సార్ రెండుసార్లు చదివి, రాత్రి పదకొండు తర్వాత ఆన్ ఉండొద్దు అనే షరతు మీద సంతకం పెట్టిన్రు. హాస్టల్‌లో ఉండేవాళ్ళు ఈ లెక్క వాడుకోండి.

బిగించింది మా రూమ్‌లోనే. ముందు రోజు రాత్రి వీడియోలు చూసి, పొద్దున ఎనిమిది మందిమి చుట్టూ కూర్చున్నం. ఏఎం4 ప్రాసెసర్‌కి పిన్నులు ప్రాసెసర్ కిందనే ఉంటయ్, ఒక మూలన చిన్న త్రికోణం గుర్తు ఉంటది, దాన్ని సాకెట్ మీది గుర్తుతో కలిపి పెట్టాలి, నొక్కొద్దు, దానంతటదే దిగాలి. ర్యామ్ మాత్రం క్లిక్ మనేదాకా నొక్కాలి. అది ఫస్టియర్ తమ్ముడితో పెట్టించిన. వాడు అంతకుముందు కంప్యూటర్ లోపలి భాగం చూడలే. ఇప్పుడు కాలేజీలో ఎవరి సిస్టమ్ ఆగినా ముందు వీడే స్క్రూడ్రైవర్ పట్టుకుని పోతున్నడు.

ఎట్ల నడుస్తుందంటే, వాలొరంట్ 1080పీలో లో సెట్టింగ్స్ మీద 100 ఎఫ్‌పీఎస్ దాటుతది. జీటీఏ 5 నార్మల్ సెట్టింగ్స్‌లో 60 దగ్గర ఉంటది. కొత్త పెద్ద ఆటలు 720పీకి దించినా 30 దగ్గర కొట్టుకుంటయ్, అవి ఆడాలనుకునేవాళ్ళు కార్డు లేకుండా కొనకండి. నాకు ఇప్పటికి ఇది చాలు. దసరా సెలవులకు సిస్టమ్ ఊరికి తీసుకుపోతే, గురుకులంలో తొమ్మిది చదివే మా చెల్లె నాకంటే బాగా ఆడింది. మూడో రోజు "ఈ ఆటలు ఎవరు చేస్తరన్నా, ఎట్ల చేస్తరు?" అని అడిగింది. గోడో అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆటలు తయారుచేయడానికి. అది వేసి ఇచ్చిన. సంక్రాంతికి వచ్చేసరికి ఒక పిల్ల అడివిలో ఇప్పపువ్వు ఏరే ఆట సగం చేసింది. పువ్వు కింద పడకముందే పట్టుకుంటే రెండు పాయింట్లు అంట. అమ్మ చూసి, "ఎవరన్నా పువ్వు గాల్లో పడతరా" అని నవ్వింది.

పత్తి ఈసారి అంత గొప్పగా రాలే, వానలు దెబ్బకొట్టినయ్. కానీ షావుకారుకు ఇవ్వాల్సింది ఏం లేదు కాబట్టి, అయ్య తనకు నచ్చిన దగ్గర అమ్ముకున్నడు.

కార్డు సంగతి ఇప్పటికీ నోట్‌బుక్‌లో ఉంది. ఈ ఎండాకాలం ఆకు అయిపోయినంక సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 6600 చూద్దామని ఉంది. 8 జీబీ మెమరీ, ఒక్క 8 పిన్నుల వైరు చాలు, నా ఎస్‌ఎంపీఎస్ మోస్తది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తక్కువకొస్తుందని తొందరపడకండి. అది నాలుగు లేన్ల కార్డు, 5600జీకి ఉన్నది పీసీఐ 3.0 కాబట్టి వేగం తగ్గిపోతది. సెకండ్ హ్యాండ్ కార్డు ఏది కొన్నా అమ్మేవాళ్ళ ముందే అరగంట ఆట ఆడించి చూసి తీసుకోండి.

కొనాలనుకునేవాళ్ళు మూడు సంగతులు రాసి అడగండి: చేతిలో ఎంత ఉంది, ఏ ఆట ఆడాలి, సిస్టమ్ హాస్టల్‌లో ఉంటదా, ఊర్లో ఉంటదా. నాకు తెలిసినంత చెప్తా, నాకంటే తెలిసిన అన్నలు, అక్కలు కూడా ఈ గ్రూపులో ఉన్నరు. సీటీసీకి పోవాలంటే శనివారాలు నాకు క్యాటరింగ్ లేనప్పుడు తోడు వస్త. ఒక్కరే పోకండి.

జోహార్.